దించిన జెండా, మిగిలిన ఈల

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. 1971లో కరాచీ రేవుపై జరిగిన దాడికి గుర్తుగా ఏటా జరుపుకుంటున్నాం. ఒక ఏడు విశాఖ తీరంలో జనం మధ్య నిలబడి ఆ విన్యాసాలు నేనూ చూశాను. పక్కనున్న ఒక పెద్దమనిషి “ఇదంతా వందల ఏళ్ల సంప్రదాయమండీ” అన్నాడు గర్వంగా. ఎవరి సంప్రదాయం? ఆ ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలలేదు.

ఓడ మీది ఆచారాలకు రెండు వేళ్లున్నాయని నా అభిప్రాయం. ఒకటి శ్రమలోంచి వచ్చింది. అరగంటకొక గంట చొప్పున పెంచుతూ కొడతారు. ఎనిమిది గంటలయితే నాలుగు గంటల పహరా ముగిసినట్టు. సాయంత్రం 4 నుంచి 8 వరకూ ఉండే పహరాను మాత్రం రెండుగా చీల్చారు. దాంతో రోజుకు ఆరు కాక ఏడు వంతులయ్యాయి. నడిరేయి మేలుకునే బాధ రోజూ ఒకే మనిషి మీద పడకుండా తిరుగుతుంది. కష్టాన్ని సమంగా పంచుకోవడానికి పనిచేసేవాళ్లు కనిపెట్టిన న్యాయమిది.

రెండో వేరు ఆధిపత్యానిది. పెద్ద అధికారి ఓడెక్కితే ఈల ఊది స్వాగతం చెప్పాలి. అధికారులకు వార్డ్ రూమ్, వెండి కంచాలు. నావికులకు కింది డెక్కు, ఇరుకు బల్లలు. ఒకే ఓడలో, ఒకే తుఫానులో, రెండు లోకాలు. బ్రిటిష్ వారి కింద దీనికి జాతి వివక్ష కూడా తోడయింది. తెల్ల నావికుడికీ నల్ల నావికుడికీ జీతంలో తేడా, తిండిలో తేడా.

బొంబాయి కొలాబాలోని తల్వార్ నిజానికి ఓడ కాదు, నేలమీది సిగ్నల్ శిక్షణ కేంద్రం. అయినా నౌకాదళ ఆచారం ప్రకారం దాన్ని ఓడగానే పిలిచేవారు. 1945 డిసెంబరు 1న నగర ప్రముఖులకు ఆ ‘ఓడ’ను చూపించాలని ఏర్పాటు చేశారు. తెల్లవారేసరికి కవాతు మైదానం నిండా కాలిన జెండాలు, తోరణాల పేలికలు. జెండాకొయ్య మీద చీపుర్లు, బకెట్లు. గోడల మీద ‘క్విట్ ఇండియా’ రాతలు. ఆ పని చేసిన బృందంలో బలాయ్ చంద్ దత్ ఒకడు. వైభవాన్ని ప్రదర్శించబోయిన రోజునే నావికులు ఆ వైభవాన్ని చీపురుకు కట్టారు.

1946 ఫిబ్రవరి 18న అదే తల్వార్‌లో నావికులు తిండి ముట్టలేదు. పాడు తిండి ఒక కారణం. కమాండర్ కింగ్ వారి పుట్టుకను నిందిస్తూ తిట్టిన తిట్లు మరొక కారణం. తమకు నేర్పిన వైర్‌లెస్ విద్యతోనే వాళ్లు రేవురేవుకూ కబురంపారు. కరాచీ, మద్రాసు, కలకత్తా, మన విశాఖపట్నం కదిలాయి. 78 నౌకలు, 20 తీర కేంద్రాలు, దాదాపు 20,000 మంది నావికులు సమ్మెలో చేరారు. ఓడల మీద బ్రిటిష్ పతాకం దిగింది. కాంగ్రెస్, ముస్లిం లీగ్, కమ్యూనిస్టు జెండాలు పక్కపక్కనే ఎగిరాయి. ఎం.ఎస్. ఖాన్ అధ్యక్షుడుగా, మదన్ సింగ్ ఉపాధ్యక్షుడుగా సమ్మె కమిటీ ఏర్పడింది. పైనుంచి ఆజ్ఞ దిగడమే తప్ప కిందినుంచి మాట ఎక్కని చోట, కిందివాళ్లే నాయకత్వాన్ని నిలబెట్టుకున్నారు. ఇదీ అసలు తిరుగుబాటు.

బొంబాయి జనం గేట్ వే ఆఫ్ ఇండియా దగ్గరికి తిండి మోసుకొచ్చి పడవల్లోకి అందించారు. 22న నగరమంతా హర్తాళ్. కాల్పుల్లో 200 మందికి పైగా చనిపోయారు. లొంగిపొమ్మని పటేల్, జిన్నా ఇద్దరూ సలహా ఇచ్చారు. అన్నిటా తగవులాడిన నాయకులు ఈ ఒక్క మాట మీద కలిశారు! 23 ఉదయం ఓడల మీద నల్లజెండాలు ఎగిరాయి. బ్రిటన్‌కు కాదు, భారత ప్రజలకే లొంగుతున్నామని కమిటీ చెప్పుకుంది. ఓటమిలోనూ జెండా భాషలోనే మాట్లాడారు.

ఆ తరువాత 476 మందిని కొలువు నుంచి తీసేశారు. స్వాతంత్ర్యం వచ్చాక భారతదేశంలో గాని, పాకిస్తాన్‌లో గాని వారిని తిరిగి నౌకాదళంలోకి తీసుకోలేదు. 1950లో ‘రాయల్’ అన్న మాట పోయింది. పతాకం మీది సెయింట్ జార్జ్ శిలువ మాత్రం పోలేదు. 2001లో తీశారు, 2004లో మళ్లీ పెట్టారు, చివరకు 2022 సెప్టెంబరు 2న తొలగించారు. కుర్రకారు రోజుల్లో దించేసినదాన్ని పూర్తిగా దించడానికి ప్రభుత్వాలకు 76 ఏళ్లు పట్టింది. ఆ ఏడాదే గణతంత్ర దినోత్సవ కవాతులో నౌకాదళ శకటం మీద 1946 తిరుగుబాటుకు చోటు దొరికింది. సంతోషమే. కాని శకటం మీద బొమ్మగా నిలవడం వేరు, సంప్రదాయంగా నిలవడం వేరు.

ఆచారాలన్నీ సముద్రంలో పారేయమని నేననను. పహరా గంట కొట్టవలసిందే. అది శ్రమజీవుల వారసత్వం. ఈల కూడా ఊదండి. అయితే అది ఎవరికోసం ఊదుతున్నామో అడిగే హక్కు కింది డెక్కులో ఉన్నవాడికి ఉండాలి. 1946లో వాళ్లు అడిగింది అదే. నౌకాదళ సంప్రదాయం అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ ప్రశ్నే.