అంచెల మీద వైఫై

1976 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పోర్టోలా వ్యాలీలో, రోసోటీస్ అనే బీరు తోట దగ్గర ఎస్‌ఆర్‌ఐ సంస్థ పరిశోధకులు తమ వ్యాను ఆపారు. బయట బల్ల మీద టెర్మినల్ పెట్టి, తీగను వ్యాను దాకా లాగి, వారం నివేదికను రేడియో మీదుగా, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌కు పంపారు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ కొండల మీద పెట్టిన రిపీటర్లు ఆ రేడియో నెట్‌వర్కుకు అంచెలు. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో సాగిన ప్రయోగం అది. వెనక గదిలో సినిమా ఆగిపోతోందని ఇవాళ రెండో రౌటరు కొనేవారు వాడేదీ ఆ ఉపాయమే.

వైఫై ఇళ్లలోకి వచ్చినప్పుడు మాత్రం అంచెల ఊసు లేదు. 1997లో 802.11 ప్రమాణం, 1999లో ఆపిల్ ఎయిర్‌పోర్ట్ వచ్చాయి. ఇంటికో పెట్టె, అందినంత మేరా సిగ్నల్. అమెరికాలోని చెక్క ఇళ్లకు అది చాలావరకు సరిపోయింది. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబులు దాటాలంటేనే తంటా.

2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటరులో లినక్స్ ఉందని మరుసటి ఏడాది బయటపడింది. లైసెన్సు షరతుల వల్ల కంపెనీ సోర్స్ కోడ్ ఇవ్వక తప్పలేదు. ఔత్సాహికులు ఊరుకుంటారా? సొంత సాఫ్ట్‌వేర్ రాసి, రెండు రౌటర్లను తీగ లేకుండా ముడివేశారు. కానీ ఒకే రేడియో, ఒకే ఛానల్ మీద ప్రతి ప్యాకెట్‌నూ విని, మళ్లీ పలకాలి. దాంతో ఒక్క అంచెకే వేగం సగమైపోయేది.

అదే రోజుల్లో ఎంఐటీ విద్యార్థులు కేంబ్రిడ్జ్ పట్టణంలో వాలంటీర్ల ఇళ్లపై యాంటెనాలు బిగించి రూఫ్‌నెట్ నడిపారు. అక్కడ తేలిన సంగతి ఆసక్తికరం: తక్కువ అంచెల దారి మంచి దారి కానక్కర్లేదు. దూరపు బలహీన లింకులో ప్యాకెట్లు పోతాయి, మళ్లీ మళ్లీ పంపాలి. అందుకే ప్యాకెట్ చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాల్సి వస్తుందో లెక్కగట్టి దారి ఎంచే పద్ధతిని 2003లో ప్రకటించారు. ఆ బృందంలోని సంజిత్ బిశ్వాస్, జాన్ బికెట్ 2006లో మెరాకీ కంపెనీ పెట్టారు. 2012లో సిస్కో దాన్ని 120 కోట్ల డాలర్లకు కొనేసింది.

మన దగ్గరా పని జరిగింది. కాన్పూర్ ఐఐటీ పరిశోధకులు చుట్టుపక్కల పల్లెలకు టవర్ల మీదుగా వైఫై పంపారు. పశ్చిమగోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ అశ్విని ప్రాజెక్టుదీ అదే బాట. అక్కడ ఒక చిక్కు ఉంది: ఒక టవరు మీద ఒకే ఛానల్‌లో రెండు రేడియోలుంటే, ఒకటి పలుకుతుంటే రెండోదానికి చెవి పనిచేయదు. అయితే అన్నీ ఒకేసారి పలకాలి, లేదా అన్నీ ఒకేసారి వినాలి. భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2005లో ప్రతిపాదించిన 2పీ పద్ధతి సారం ఇదే.

ఇళ్లకు ఈ తెలివి ఆలస్యంగా చేరింది. 2016 ఫిబ్రవరిలో ఈరో అనే కంపెనీ మూడు పెట్టెలను 499 డాలర్లకు అమ్మింది. అదే ఏడాది నెట్‌గేర్ ఆర్బీ, పెట్టెల మధ్య మాటలకే వేరే 5 గిగాహెర్ట్జ్ రేడియో కేటాయించి, సగం వేగం బెడదను చాలావరకు తప్పించింది. మన దేశంలో 2018లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అదనపు భాగాలకు లైసెన్సు అవసరం తీసేయడంతో ఇలాంటి పెట్టెలకు చోటు పెరిగింది. అయినా శ్లాబు మందం మారలేదు కదా! కరెంటు పైపులతో పాటే పై అంతస్తుకు ఈథర్‌నెట్ తీగ లాగించుకున్న ఇంట్లో రెండో రౌటరుకు ఆ అంచె గాలిలో వెతుక్కోవాల్సిన పని లేదు.