దారంతో కుట్టిన అనుమతి పత్రం

మా బళ్ళారి ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో 1931 నాటి కాగితం ఒకటుంది. నిలువునా రెండు ముక్కలైంది, తెల్ల దారంతో కుట్టి పెట్టారు. మేం కన్నడ మీడియంలో చదివినవాళ్ళం, ఆ గొలుసుకట్టు తెలుగు రాత చదవడానికి రెండు ఆదివారాలు పట్టింది. అది దత్తత అనుమతి పత్రం. పిల్లలు లేని మా ముత్తాత జబ్బుపడి, తను పోయాక భార్య ఒక పిల్లవాణ్ణి దత్తు తీసుకోవచ్చని రాయించి, రిజిస్టరు చేయించాడు. ఆ పిల్లవాడే మా తాత.

చింపింది ఒక దాయాది అని మా అవ్వ చెప్పేది. వాళ్ళ మనవలు ఇప్పటికీ మా పెళ్ళిళ్ళకి వస్తారు, అందుకే పేరు రాయడం లేదు.

ఎందుకు చింపాడో తెలియాలంటే అప్పటి చట్టం తెలియాలి. 1953 దాకా బళ్ళారి మద్రాసు కింద ఉండేది. అక్కడ హిందూ వితంతువు దత్తు తీసుకోవాలంటే భర్త అనుమతి ఉండాలి, లేదా భర్త తరఫు దాయాదులు ఒప్పుకోవాలి. రామనాథపురం కేసులో 1868లో ప్రివీ కౌన్సిల్ ఈ సంగతి ఖాయం చేసింది. దత్తు లేకపోతే ఆస్తి చివరికి దాయాదులదే. అంటే ఆ కాగితం పోతే, ఎవరికి లాభమో వాళ్ళనే వెళ్ళి బతిమాలుకోవాలి!

1860 నాటి శిక్షాస్మృతిలోనే దీనికి సెక్షన్ ఉంది, 477. వీలునామా, దత్తత అనుమతి, ఆస్తి దస్తావేజు, ప్రోనోటు లాంటివాటిని మోసంతో చింపినా, కొట్టేసినా, దాచేసినా యావజ్జీవం, లేదా ఏడేళ్ళ వరకు జైలు, జరిమానా. ప్రయత్నం చేసినా అదే శిక్ష. ఊరికే చిరిగితే నేరం కాదు, మోసపు ఉద్దేశమో, ఇంకొకరికి నష్టం చేయాలన్న తలంపో ఉండాలి.

మా ముత్తవ్వ పోలీసుల దగ్గరికి పోలేదు. ఇంటి గుట్టు వీధిన పడుతుందని భయం. సబ్‌రిజిస్ట్రారు కచేరీకి పోయింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాలకీ, దత్తత అనుమతులకీ మూడో నంబరు పుస్తకం అని వేరే ఉంటుంది. పత్రం నకలు అందులో ఉంది. ఆ నకలు చూపించాక దాయాదులు నోరెత్తలేదు. ఆ తర్వాతే చిరిగినదాన్ని కూర్చుని కుట్టిందట.

1956 చట్టంతో హిందూ వితంతువు తన ఇష్టంతోనే దత్తు తీసుకోవచ్చు, ఎవరి కాగితమూ అక్కర్లేదు. అయినా 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, 343వ సెక్షన్‌లో, 'దత్తత అనుమతి' అన్న మాట అలాగే ఉంది. చాలామందికి అదొక పాత మాట. మాకు మాత్రం మా ఇంటిపేరు దాని మీదే నిలబడింది.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పెట్టెలు ఉంటాయి. ఒకసారి తెరవండి. రిజిస్టరైన పత్రాలకి కచేరీలో సర్టిఫైడ్ నకలు తీసి పెట్టుకోండి. చదవగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే చదివించుకోండి.