సిగ్నల్ హిల్‌పై మూడు చుక్కలు: మార్కోనీ నిజంగా విన్నాడా?

1901 డిసెంబర్ 12. న్యూఫౌండ్లాండ్ దీవిలో సెయింట్ జాన్స్ రేవును ఆనుకుని ఉన్న సిగ్నల్ హిల్ కొండ. గాలిపటానికి కట్టిన సుమారు 150 మీటర్ల తీగ ఈదురుగాలికి ఊగిపోతోంది. దాని రెండో కొస ఓ గదిలోని పరికరానికి తగిలించి ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇయర్‌ఫోన్‌లో మోర్స్ 'ఎస్' అక్షరం, అంటే వరసగా మూడు చుక్కలు, వినిపించిందని గుగ్లియెల్మో మార్కోనీ ప్రకటించాడు. అది పంపింది ఇంగ్లాండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ తీరంలోని పోల్ధూ కేంద్రం. మధ్యలో 3,400 కిలోమీటర్ల అట్లాంటిక్.

దూరదేశాల రేడియో స్టేషన్లు పట్టే అభిరుచిని డీఎక్సింగ్ అంటారు. ఆ హాబీ ఉన్నవాళ్లకు సిగ్నల్ హిల్ పుణ్యక్షేత్రమే. అయినా ఆ మధ్యాహ్నం వినిపించింది పోల్ధూయేనా అన్న సందేహం నిపుణులను ఇప్పటికీ వదల్లేదు. ఆధారాలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి ఆధారం, భూమి గుండ్రం. పోల్ధూకీ సెయింట్ జాన్స్‌కీ మధ్య తిన్నగా గీత గీస్తే, నడిమధ్యలో సముద్రం ఆ గీతకు దాదాపు 230 కిలోమీటర్లు పైకి ఉబ్బి ఉంటుంది. ఉప్పునీరు మామూలు నేలకన్నా వందల రెట్లు, కొన్నిచోట్ల వేల రెట్లు మెరుగైన విద్యుత్ వాహకం. అందుకే తీరంలో ఉన్నవాడికి సిగ్నల్ తక్కువ నష్టంతో చేరుతుంది. అయితే ఆనాటి ట్రాన్స్‌మిటర్ బలానికి నీటినే అంటిపెట్టుకుని అంత దూరం రావడం అయ్యే పని కాదు. వచ్చి ఉంటే ఆకాశం మీదుగానే రావాలి.

రెండో ఆధారం, గడియారం. పోల్ధూ రోజూ గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా 'ఎస్' పంపాలన్నది ఒప్పందం. విన్న వేళకు పోల్ధూలో నాలుగు గంటలు. అక్కడ పొద్దు వాలుతోంది, కానీ సిగ్నల్ హిల్ మీద మిట్టమధ్యాహ్నం. దారి పొడవునా దాదాపు అంతా ఎండే. పోల్ధూ ఫ్రీక్వెన్సీని ఆరోజు కొలిచినవాళ్లు లేరు. తర్వాతి అంచనాలు చాలావరకు 500 నుంచి 850 కిలోహెర్ట్జ్ మధ్య తిరుగుతాయి. అంటే ఇంచుమించు మన రేడియోలోని మీడియం వేవ్ పట్టీయే. పగటిపూట ఆ పట్టీ సంగతి ఏ డీఎక్సర్‌నడిగినా చెబుతాడు: దగ్గరి స్టేషన్లు తప్ప ఇంకేమీ పలకవు.

మూడో ఆధారం, పరికరం. గాలిపటం ఊగినప్పుడల్లా ఏరియల్ స్వభావం మారిపోతోందని మార్కోనీ ట్యూనింగ్ ఉన్న రిసీవర్‌ను పక్కన పెట్టాడు. రేడియో తరంగాలను పసిగట్టే, పాదరసంతో పనిచేసే కొహిరర్‌నూ ఇయర్‌ఫోన్‌నూ వాడాడు. (తనంతట తాను తేరుకునే కొహిరర్ గురించి జగదీశ్ చంద్రబోస్ 1899లోనే లండన్ రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. మార్కోనీ వాడినది బోస్ నమూనాయేనని వాదించేవాళ్లున్నారు.) ఫలానా ఫ్రీక్వెన్సీయే వినాలన్న కట్టడి ఆ పరికరానికి లేదు. మెరుపుల చిటపటలు కూడా అందులోంచి టిక్కుమంటాయి. పైగా రావలసింది మూడు చుక్కలేనని వినేవాళ్లకు ముందే తెలుసు. టేపు మీద అచ్చు పడలేదు. మార్కోనీ, ఆయన సహాయకుడు జార్జ్ కెంప్, వీళ్ల చెవులే సాక్ష్యం.

నాలుగో ఆధారం అసలైనది. దాన్ని మార్కోనీయే అందించాడు. విమర్శకుల నోరు మూయించడానికి 1902 ఫిబ్రవరిలో 'ఫిలడెల్ఫియా' అనే ఓడెక్కి, ఈసారి ట్యూనింగ్ ఉన్న రిసీవర్‌తో, టేపు మీద చుక్కలు అచ్చు పడేలా ఏర్పాటు చేసుకున్నాడు. ఓడ పోల్ధూకు దూరమవుతుంటే పగటిపూట సందేశాలు 700 మైళ్ల దగ్గరే ఆగిపోయాయి. రాత్రిళ్లు పూర్తి సందేశాలు 1,551 మైళ్ల దాకా, 'ఎస్' అక్షరాలు 2,099 మైళ్ల దాకా అందాయి. పగటి వెలుగు పంపే ఏరియల్‌లోని విద్యుత్తును హరిస్తోందేమోనని మార్కోనీ ఊహించాడు. ఊహ తప్పు, కొలత మాత్రం ఒప్పు. మరి మెరుగైన పరికరంతో పగలు 700 మైళ్లు దాటనిది, రెండు నెలల కిందట ఊగే గాలిపటంతో అంతకు మూడు రెట్ల దూరం ఎలా వచ్చింది?

ఐదో ఆధారం ఆకాశంలో దొరికింది. పైన తరంగాలను వెనక్కి తిప్పే విద్యుత్ పొర ఉండాలని 1902లోనే అమెరికాలో కెన్నెలీ, ఇంగ్లాండ్‌లో హెవిసైడ్ విడివిడిగా సూచించారు. 1924 డిసెంబర్‌లో ఎడ్వర్డ్ ఆపిల్టన్, మైల్స్ బార్నెట్ బోర్న్‌మత్ బీబీసీ ప్రసారాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో అందుకుని, ఆ పొర సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఉందని తేల్చారు. ఆపిల్టన్‌కు 1947లో నోబెల్ వచ్చింది. ఆ పొరకు దిగువన, 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య, పగలు మాత్రమే బలపడే మరో పొర ఉంది. పేరు 'డి'. అక్కడి ఎలక్ట్రాన్లు మీడియం వేవ్‌కు ఊగుతూ చుట్టూ ఉన్న గాలి అణువులను ఢీకొంటాయి, తరంగశక్తి కాస్తా వేడిగా ఖర్చయిపోతుంది. పొద్దుగూకగానే ఆ పొర పలచబడి, పై పొరకు దారి తెరుచుకుంటుంది.

ఆరో ఆధారం ఈనాటి డీఎక్సర్లది. అదే న్యూఫౌండ్లాండ్ తూర్పు తీరంలో, కాపహేడెన్ లాంటి చోట్ల, వాళ్లు వందల మీటర్ల తీగలను అట్లాంటిక్ వైపు పరిచి యూరప్ కోసం కాచుకుంటారు. అమెరికా ఖండాల్లో స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్, యూరప్, ఆసియాల్లో 9. అందువల్ల 1090 మీద అమెరికా స్టేషన్ పలుకుతుండగా వెనక సన్నటి ఈల మొదలైతే, 1089 మీద యూరప్ దిగిందన్న మాట. ఆ ఈల సాయంత్రం ముదిరేకొద్దీ గొంతుగా మారుతుంది.

మార్కోనీ పక్షాన కూడా వాదన ఉంది. అది శీతాకాలం, సూర్యుడు కిందికి వాలి ఉన్నాడు, సూర్యమచ్చలు బాగా తక్కువగా ఉన్న కాలం. స్పార్క్ ట్రాన్స్‌మిటర్ అసలు ఫ్రీక్వెన్సీతో పాటు అంతకన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీలనూ వెదజల్లి ఉండవచ్చు. అవి పగలు కూడా 'డి' పొరను దాటగలవు, ట్యూనింగ్ లేని పరికరానికి అవీ తగులుతాయి. అబద్ధమాడాడని అనడానికి ఆధారమేదీ లేదు.

అయినా డీఎక్సర్ల నియమం ఒకటే: స్టేషన్ ఏదో నిర్ధారణ కానంతవరకు అది లెక్కలోకి రాదు. విన్న కార్యక్రమం, సమయం, ఫ్రీక్వెన్సీ రాసి పంపితే, స్టేషన్ సరిచూసుకుని క్యూఎస్ఎల్ కార్డు ఇస్తుంది. ఆ తూకంలో సిగ్నల్ హిల్ మూడు చుక్కలకు కార్డు దక్కదు, ఫిలడెల్ఫియా టేపుకు దక్కుతుంది.

భీమిలిలోనో మచిలీపట్నంలోనో ఉన్నవాళ్లు ఈ తేడాను స్వయంగా చూడొచ్చు. మీడియం వేవ్ ఉన్న బ్యాటరీ రేడియో తీసుకుని, ఎల్ఈడీ బల్బులకూ ఛార్జర్లకూ దూరంగా ఒడ్డుకు వెళ్లండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి డయల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, విన్నది సమయంతో సహా రాసుకోండి. స్టేషన్ పేరు చెవిన పడేదాకా మాత్రం పట్టానని ఎవరికీ చెప్పకండి.