చేతితో కారు టైరు ఎక్కించడం

కారు టైరును యంత్రం లేకుండా, లివర్ల సాయంతో రిమ్ము నుంచి తీసి మరొకటి ఎక్కించడాన్ని చేతితో టైరు మార్చడం అంటారు. మోటారు వాహనాల తొలి రోజుల్లో ప్రతి డ్రైవరుకూ తప్పనిసరిగా తెలిసి ఉండాల్సిన పని ఇది. టైరు మార్చే యంత్రాలు వచ్చాక హైవే పక్క చిన్న పంక్చర్ షాపులకు, ట్రాక్టర్లు ఎక్కువగా తిరిగే పల్లెలకు, తమ బండి పని తామే చేసుకునే కొద్దిమందికి పరిమితమైంది. టైరును ఎలాగో ఎక్కించడం పెద్ద కష్టం కాదు. రిమ్ము మీద గీత పడకుండా, అంచు వంగకుండా, గాలి కారకుండా ఎక్కించడంలోనే నేర్పు ఉంది. రిమ్ముకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం, టైరు ఉండవలసిన చోట లేనప్పుడు దాన్ని బలంతో లొంగదీయబోవడం వల్లే జరుగుతుంది.

టైరు, రిమ్ముల అమరిక

టైరు లోపలి అంచులు రెండింటిలోనూ రబ్బరు కింద ఉక్కు తీగల కట్ట వలయంలా తిరిగి ఉంటుంది. దీన్ని బీడ్ అంటారు. పంక్చర్ షాపుల్లో బీడింగ్ అని కూడా వాడతారు. టైరు గోడ వంగుతుంది, రబ్బరు సాగుతుంది, ఈ తీగ కట్ట మాత్రం సాగదు. ప్రయాణంలో టైరు రిమ్మును వదలకుండా పట్టి ఉంచేది ఇదే, ఎక్కించేటప్పుడు ఎదురు తిరిగేదీ ఇదే.

రిమ్మును అడ్డంగా కోసి చూస్తే రెండు చివర్లా పైకి లేచిన అంచులు కనిపిస్తాయి. వాటికి లోపలి పక్కన బీడ్ కూర్చునే చోటు ఉంటుంది. ఇది చదునుగా కాక దాదాపు 5 డిగ్రీల వాలుతో ఉంటుంది. గాలి నిండేకొద్దీ బీడ్ ఈ వాలు మీదికి ఎక్కి బిగుసుకుంటుంది. దాన్ని ఆనుకుని హంప్ అనే చిన్న కట్ట ఉంటుంది. గాలి తగ్గినా బీడ్ లోపలికి జారిపోకుండా ఇది ఆపుతుంది. రెండు హంప్‌ల నడుమ రిమ్ము చుట్టూ తిరిగే పల్లమే డ్రాప్ సెంటర్.

టైరు ఎక్కడం ఎలా సాధ్యమో 185/65 ఆర్ 15 సైజులో చూడవచ్చు. ఇందులో 185 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 ఆ వెడల్పులో గోడ ఎత్తు శాతం, 15 రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఈ రిమ్ములో బీడ్ కూర్చునే చోటి వ్యాసం సుమారు 380 మి.మీ. కార్లలో ఎక్కువగా కనిపించే జె రకం అంచు ఎత్తు సుమారు 17 మి.మీ. అంటే అంచు దగ్గర రిమ్ము వ్యాసం 415 మి.మీ. దాకా ఉంటుంది. సాగని 380 మి.మీ. వలయం 415 మి.మీ. అంచును దాటాలి. డ్రాప్ సెంటర్ లోతు కూడా దాదాపు అంచు ఎత్తు అంతే ఉంటుంది. బీడ్‌ను ఒక పక్క ఈ పల్లంలోకి దింపితే ఎదురు పక్కన అంతే మేర వదులు దొరుకుతుంది, ఆ వదులుతో బీడ్ అంచు దాటుతుంది. బిగువు గాజు తొడిగేటప్పుడు గాజు సాగదు, చెయ్యే ముడుచుకోవాలి. ఇక్కడ ముడుచుకునే పని డ్రాప్ సెంటర్ చేస్తుంది.

ఈ పల్లం సాధారణంగా సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఒక అంచుకు దగ్గరగా ఉంటుంది. టైరు తీయడం, ఎక్కించడం రెండూ పల్లం దగ్గరగా ఉన్న వైపు నుంచే చేయాలి. ఎక్కువ రిమ్ముల్లో అది బయటికి కనిపించే ముఖం వైపు. కొన్ని అల్లాయ్ వీల్స్‌లో లోపలి వైపు ఉంటుంది. ఇది చూసుకోకుండా తప్పు వైపు నుంచి మొదలుపెడితే ఎంత బలమైన మనిషికైనా టైరు లొంగదు, లివర్ జారి రిమ్ము మాత్రం దెబ్బతింటుంది.

చరిత్ర

గాలి టైరుకు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్, 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ పేటెంట్లు పొందారు. తొలి సైకిల్ టైర్లను రిమ్ముకు అతికించేవారు, పంక్చర్ అయితే విప్పడం పెద్ద ప్రయాస. ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సోదరులు 1891లో విప్పి మళ్లీ బిగించుకోగల సైకిల్ టైరు తెచ్చారు. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగివచ్చే పందెంలో తమ కారును గాలి టైర్లతో నడిపారు.

1947లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీ ట్యూబ్‌లెస్ టైరును ప్రకటించింది. రిమ్ము విషయంలో ఇది పెద్ద మలుపు. ట్యూబు ఉన్నంతకాలం గాలిని పట్టి ఉంచే బాధ్యత ట్యూబుది. రిమ్ము అంచు కాస్త గీసుకుపోయినా, తుప్పు పట్టినా గాలి పోయేది కాదు, లివర్ కింద ట్యూబు నలిగి చిరుగుతుందేమోనన్నదే అప్పటి భయం. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో మన మెకానిక్కులు పని నేర్చుకున్నది ఇలాంటి టైర్ల మీదే. ట్యూబు పోయాక గాలి గదికి రిమ్మే ఒక గోడ అయింది. బీడ్ కూర్చునే చోట పడే సన్నటి గీత కూడా గాలి కారే దారి అవుతుంది. తర్వాత విరివిగా వాడుకలోకి వచ్చిన అల్యూమినియం అల్లాయ్ రిమ్ములు ఉక్కు కన్నా మెత్తన, వాటి పై పూత మరీ సున్నితం. పాత రోజుల చేతిపనిని ఇప్పటి రిమ్ముల మీద యథాతథంగా చేయలేకపోవడానికి కారణం ఇదే.

పనిముట్లు

చివర గుండ్రంగా, నునుపుగా ఉండే 40 నుంచి 60 సెం.మీ. పొడవైన టైరు లివర్లు మూడు కావాలి. స్క్రూడ్రైవరు, గునపం, ఇనుప పట్టీ వంటివి వాడితే వాటి పదునైన మూలలు రిమ్మును చెక్కేస్తాయి. లివర్‌కూ రిమ్ముకూ నడుమ పెట్టే ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి. అవి లేకపోతే పాత ట్యూబు ముక్క గానీ, మందపాటి ప్లాస్టిక్ డబ్బా నుంచి కోసిన పట్టీ గానీ అంచు మీద తొడగవచ్చు. వాల్వ్ పిన్ను తీసే సాధనం, మీటరు ఉన్న గాలి కంప్రెసరు, చక్రం కింద పరచడానికి పాత టైరు లేదా మందంగా మడిచిన గోనెసంచి కూడా ఉండాలి. అల్లాయ్ రిమ్ము ముఖం మీద పడే గీతలు చాలావరకు లివర్‌వి కావు, చక్రాన్ని సిమెంటు నేల మీద బోర్లించి తిప్పడం వల్ల పడేవి.

జారుడు కోసం చిక్కటి సబ్బు నీళ్లు గానీ, టైర్ల కోసమే తయారయ్యే పేస్టు గానీ వాడతారు. ఇంజన్ ఆయిల్, గ్రీజు, డీజిల్ వాడకూడదు. పెట్రోలియం నూనెలు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. పైగా అవి ఆరవు కాబట్టి, బ్రేకు వేసినప్పుడు రిమ్ము ఆగినా టైరు దాని మీద జారి తిరిగిపోయే ప్రమాదం ఉంది. సబ్బు ఆరిపోయాక బీడ్ రిమ్మును గట్టిగా పట్టుకుంటుంది.

పాత టైరు తీయడం

ముందుగా వాల్వ్ పిన్ను తీసి గాలి పూర్తిగా పోనివ్వాలి. గాలి పోయినా ఏళ్ల తరబడి బిగుసుకున్న బీడ్ రిమ్మును అంటిపెట్టుకునే ఉంటుంది. దాన్ని వదిలించడం ఇంట్లో చేసే పనిలో అన్నిటికన్నా కష్టమైన దశ. సమ్మెటతో కొట్టి వదిలించడం పాత అలవాటు. దెబ్బ రెండు అంగుళాలు పక్కకు పోతే ఉక్కు అంచు వంగుతుంది, అల్లాయ్ అంచు పగులుతుంది. దీనికన్నా నొక్కడం మేలు. టైరు గోడ మీద, రిమ్ము అంచుకు దగ్గరగా చెక్క పలక పెట్టి, దాని మీదుగా మరో బండి చక్రాన్ని మెల్లగా ఎక్కించడం ఒక పద్ధతి. నేల మీద తన చక్రాలతో నిలబడి ఉన్న బరువైన బండి ఛాసిస్ కింద టైరును పెట్టి, టైరు గోడకూ ఛాసిస్‌కూ మధ్య జాకీని తెరవడం మరొకటి. రెండింటిలోనూ బరువు టైరు గోడ మీదే పడాలి, రిమ్మును తాకకూడదు. రెండు వైపులా బీడ్ చుట్టూ వదిలేదాకా లివర్ పట్టుకోకూడదు.

తర్వాత సబ్బు బాగా పట్టించి, ఒక పక్కన మోకాళ్లతో నొక్కి బీడ్‌ను డ్రాప్ సెంటర్‌లోకి దింపాలి. సరిగ్గా దానికి ఎదురు పక్కన తొడుగు పెట్టి, ఒక జానెడు లోపు ఎడంలో రెండు లివర్లు దూర్చి బీడ్‌ను అంచు మీదికి తేవాలి. మొదటి లివర్ అలాగే ఉంచి, రెండోదాన్ని రెండు మూడు అంగుళాల చొప్పున ముందుకు జరుపుతూ పోవాలి. పై బీడ్ పూర్తిగా బయటపడ్డాక కింది బీడ్‌ను కూడా అదే పై అంచు మీదుగా తీస్తారు.

రిమ్ము తనిఖీ

టైరు లేని రిమ్మును పరీక్షించే అవకాశం ఎప్పుడో గానీ రాదు. బీడ్ కూర్చునే చోట పేరుకున్న పాత రబ్బరు, తుప్పు, మట్టి తీసేయాలి. ఉక్కు రిమ్ముకు వైర్ బ్రష్ వాడవచ్చు, అల్లాయ్‌కు నైలాన్ బ్రష్ మాత్రమే వాడాలి. అంచు మీద చిన్న గరుకు ఉంటే సన్నటి ఎమెరీ కాగితంతో నునుపు చేయవచ్చు. పగులు కనిపిస్తే ఆ రిమ్మును పక్కన పెట్టడమే మంచిది. రబ్బరు వాల్వ్ ధర తక్కువ, దాన్ని టైరుతో పాటే మార్చడం ఆనవాయితీ. మామూలు కార్ల రిమ్ముల్లో ఈ వాల్వ్ రంధ్రం 11.3 మి.మీ. ఉంటుంది.

కొత్త టైరు ఎక్కించడం

టైరు గోడ మీద తిరిగే దిశ చూపే బాణం గానీ, బయటి వైపు ఏదో తెలిపే గుర్తు గానీ ఉంటే ముందే చూసుకోవాలి. పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటు, దాన్ని వాల్వ్ దగ్గరికి తెస్తారు. సబ్బు పట్టించిన కింది బీడ్ ఏటవాలుగా పెట్టి తొక్కితే చాలావరకు లివర్ లేకుండానే దిగిపోతుంది.

రెండో బీడ్‌ను ఒక చోట పల్లంలోకి దింపి, అక్కడ మోకాలు ఆనించి, రెండు పక్కలా కొద్దికొద్దిగా ఎక్కించుకుంటూ రావాలి. చివరి మూడో వంతు దగ్గర బిగువు పెరుగుతుంది. నష్టం జరిగేది ఇక్కడే. లివర్ కదలకపోతే ఇంకో మనిషిని పిలవడం కాక, ఎదురు పక్కకు వెళ్లి చూడాలి. బీడ్ పల్లం నుంచి పైకి లేచి, కూర్చునే చోటికి ఎక్కి ఉంటుంది. దాన్ని తిరిగి దింపి, మరికాస్త సబ్బు రాసి, లివర్ పట్టును రెండు అంగుళాలకు తగ్గిస్తే మిగిలిన భాగం మామూలు బలానికే ఎక్కుతుంది. అప్పటికీ బలవంతం చేస్తే రిమ్ము గీసుకుపోవడమే కాదు, బీడ్ లోపలి తీగ మెలిపడి, గాలి కొట్టేటప్పుడు తెగే ప్రమాదం ఉంది. లివర్ కొనను అవసరానికి మించి లోతుగా దూర్చినా టైరు లోపలి పొర చిరుగుతుంది.

గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో అది రిమ్ము లోపల, ఎక్కువగా వాల్వ్‌కు అమర్చి ఉంటుంది. లివర్ కొన గానీ, పల్లంలోకి దింపే బీడ్ గానీ దాని మీద పడకుండా చూసుకోవాలి.

బీడ్ కూర్చోబెట్టడం

ట్యూబ్‌లెస్ టైరు రెండు బీడ్లూ రిమ్మును ఆనుకుంటేనే గాలి నిలుస్తుంది. టైరు నడక భాగం చుట్టూ బెల్టు కట్టి బిగిస్తే గోడలు వెలుపలికి ఉబ్బి బీడ్లు రిమ్ముకు ఆనుకుంటాయి. పిన్ను పెట్టకుండా గాలి వదిలితే ధారాళంగా లోపలికి పోతుంది. గాలి నిలవడం మొదలవగానే బెల్టు తీసేయాలి. హంప్ దాటి బీడ్లు కూర్చున్నప్పుడు రెండు సార్లు గట్టిగా చప్పుడు వస్తుంది.

కారు టైర్లలో బీడ్ కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటకూడదన్న హెచ్చరిక చాలా టైర్ల గోడల మీదే ఉంటుంది. అంతలోపు కూర్చోకపోతే గాలి తీసేసి, సబ్బు పట్టించి మళ్లీ మొదలుపెట్టాలి. గాలి కొట్టేటప్పుడు టైరు మీదికి వంగకూడదు, పొడవైన గొట్టంతో పక్కన నిలబడాలి. టైరు, రిమ్ము వ్యాసాల్లో అర అంగుళం తేడా ఉన్నా ఈ దశలో టైరు పేలగలదు. పెట్రోలు చల్లి నిప్పంటించి బీడ్ కూర్చోబెట్టే విద్య ప్రాణాంతకం.

టైరు గోడ మీద అంచుకు దగ్గరగా చుట్టూ తిరిగే సన్నటి గీత రిమ్ము అంచు నుంచి అన్ని వైపులా సమాన దూరంలో కనిపిస్తే బీడ్ సరిగా కూర్చున్నట్టు. తర్వాత పిన్ను బిగించి, కారు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న ఒత్తిడికి గాలి సరిచేసి, అంచుల చుట్టూ సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తాయేమో చూడాలి. కొత్త టైరు వేసిన చక్రానికి బ్యాలెన్సింగ్ తప్పనిసరి. అది ఇంట్లో కుదరదు కాబట్టి చక్రాన్ని షాపుకు తీసుకువెళ్లాలి.

పరిమితులు

గోడ ఎత్తు 45 శాతం, అంతకు తక్కువ ఉన్న టైర్లు, గాలి పోయినా నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు చేతిపనికి తగినవి కావు. వాటి గోడలు బిరుసుగా ఉండి బీడ్‌ను పల్లంలోకి దిగనివ్వవు. లాక్ రింగుతో విడి భాగాలుగా ఉండే లారీ రిమ్ముల సంగతి వేరు. గాలి కొట్టేటప్పుడు రింగు ఎగిరి మనుషులు చనిపోయిన సంఘటనలు ఉండడంతో, వాటికి ఇనుప బోను వంటి రక్షణ తప్పనిసరి చేస్తూ అమెరికాలో 1980లో నిబంధనలు వచ్చాయి. అలాంటి చక్రాన్ని ఇంట్లో ముట్టుకోకూడదు.

13 నుంచి 15 అంగుళాల ఉక్కు రిమ్ము, 65 శాతం లేదా అంతకన్నా ఎత్తైన గోడ ఉన్న టైరు అయితే ఇంట్లో చేతితో మార్చుకోవడం ఓపిక ఉన్నవారికి సాధ్యమే. అల్లాయ్ రిమ్ము విషయంలో మాత్రం ఒక్క గీతను బాగుచేయించే ఖర్చు కన్నా యంత్రం ఉన్న షాపులో ఇచ్చే కూలి తక్కువ.