లేటెక్స్ పరుపు: ముడిసరుకు నాణ్యత నిర్ధారణ

రబ్బరు పాలను నురగగా గిలక్కొట్టి, అచ్చులో పోసి, వేడితో గట్టిపరచి చేసేది లేటెక్స్ పరుపు. 1929లో ఇంగ్లండులోని డన్‌లప్ ప్రయోగశాలలో ఇ.ఎ.మర్ఫీ ఈ నురగకు రూపమిచ్చారు. నురగను శూన్యంలో ఉబ్బించి గడ్డకట్టించే తలాలే పద్ధతి ఆ తర్వాతది. భారతదేశంలో రబ్బరు పాలు ప్రధానంగా కేరళ తోటలవి.

చేతికి తగిలే మెత్తదనం నాణ్యతకు రుజువు కాదు. అంతకన్నా నమ్మదగిన ఆధారం సాంద్రత. డన్‌లప్ రకానికి ఘనపు మీటరుకు సుమారు 80 కిలోలనుకుంటే, 72×60×6 అంగుళాల పూర్తి లేటెక్స్ పరుపు దాదాపు 34 కిలోలు తూగాలి. తలాలే రకం కొంత తేలిక. అయినా 20 కిలోలే తూగితే లోపల చవకైన పాలీయురెథేన్ ఫోమ్ పొర ఉందని అనుమానించవలసిందే. సుద్దపొడి కలిపి బరువు పెంచవచ్చన్న అభ్యంతరం న్యాయమైనదే. అందువల్ల తూకంతో ఆగకుండా, కవరు జిప్పు తీసి అంచును పరీక్షించాలి: పొడి ఎక్కువైన ఫోమ్ వేళ్లతో నలిపితే రాలవచ్చు, మంచి ఫోమ్ నొక్కి వదలగానే లేస్తుంది. అయితే కృత్రిమ రబ్బరు కలిసినదీ అలాగే లేస్తుంది కాబట్టి ఆ తేడా ప్రయోగశాలలోనే తేలుతుంది. ధ్రువపత్రాలూ ఒకే విషయం చెప్పవు. గోల్స్ (సేంద్రియ లేటెక్స్ ప్రమాణం) ముద్రకు 95 శాతానికి పైగా సేంద్రియ ముడిసరుకు ఉండాలి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 హానికర రసాయనాలను మాత్రమే పరీక్షిస్తుంది, రబ్బరు సహజమో కాదో చెప్పదు.