కడబంతిలో వడ్డన

ఈమధ్య మన ఊళ్లలో పెళ్లి కుదిరిందంటే చాలు, సన్నాయి మేళం సంగతి అడిగేవాళ్లు లేరు గాని "డీజే మాట్లాడారా?" అని మాత్రం అందరూ అడుగుతున్నారు. డీజే అంటే ఇప్పుడు మనకు ఒక బండి. నిలువెత్తు స్పీకరు పెట్టెలు పేర్చుకుని, రంగురంగుల దీపాలతో ఊరేగింపు ముందు కదిలే బండి. అది వీధి మలుపు తిరిగేసరికి వంటింటి అలమరలో గ్లాసులు గలగలలాడతాయి. పక్కింటి ముసలాయన గుండె చేత్తో పట్టుకుని తలుపులు బిగించుకుంటాడు.

అసలు డీజే అంటే మనిషి. డిస్క్ జాకీ అన్నమాటకు పొట్టిపేరు. జాకీ అంటే గుర్రప్పందాల్లో రౌతు. రేడియోలో రికార్డులు వేసేవాళ్లకు అమెరికావాళ్లు సరదాగా పెట్టిన పేరది.

"ఎవరో పాడారు, ఎవరో వాయించారు. ఈయన రికార్డు పెట్టాడు. ఇందులో విద్యేముందమ్మా?" అంటారు పెద్దలు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మన పెళ్లి పంక్తిలోనే ఉంది. వంట వేరు, వడ్డన వేరు. నలభీములు వండినా సరే, ఆకులో పప్పు పడకముందే పెరుగు పోస్తే భోజనం చెడుతుంది. ఎవరి ఆకు ఖాళీ అయిందో, ఎవరు మొహమాటపడుతున్నారో కనిపెట్టి, దేని తర్వాత ఏది తేవాలో తెలిసినవాడే వడ్డనగాడు. డీజే చేసే పని సరిగ్గా ఇదే.

1960ల చివర న్యూయార్కులో ఫ్రాన్సిస్ గ్రాసో అనే యువకుడు ఈ వడ్డనకు ఒక మెలకువ జోడించాడు. ఒకప్పటి చర్చిలో పెట్టిన శాంక్చువరీ అనే నాట్యశాల అతని స్థానం. ఒక పాట అయిపోయి రెండోది మొదలయ్యేలోగా ఆడేవాళ్ల కాళ్లు ఆగిపోతాయి కదా! ఆ సందు లేకుండా చేశాడతను. రోట్లో ఇద్దరు దంచుతుంటే మూడో మనిషి రోకలి పట్టుకుని, వాళ్ల ఊపు గమనించి, అదను చూసి పోటు కలపడం మన పెద్దవాళ్లకు తెలుసు. అలాగే రెండో రికార్డును ముందుగా చెవిలో వింటూ, వేగం సరిచూసుకుని, మొదటి దాని దరువులో కలిపేవాడు. ఆట ఆగేది కాదు.

దీనికి తగిన పనిముట్టు జపాను నుంచి వచ్చింది. టెక్నిక్స్ వాళ్లు 1972లో తెచ్చిన ఎస్సెల్-1200 గ్రామఫోనులో రబ్బరు పట్టీ ఉండదు. మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది. చేత్తో ఆపి వదిలితే క్షణంలో వేగం అందుకుంటుంది. 1979 మోడలుకి వేగం హెచ్చుతగ్గులు చేసే జారుడు మీట కూడా వచ్చింది. ఇళ్లలో కూర్చుని పాటలు వినేవాళ్ల కోసం చేసిన ఆ యంత్రం డీజేల చేతిలో వాద్యమైపోయింది.

ఇక్కడ ఒక ఆడపిల్లను తలుచుకోకుండా ముందుకు పోబుద్ధి కావడం లేదు. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్ పేటలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేవేళకు కొత్త బట్టలు కొనుక్కోవాలని, తాముండే భవనంలోని హాలు తీసుకుని పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టిక్కెట్టు. రికార్డులు వేసినవాడు ఆమె అన్న, కూల్ హెర్క్. పాటలో గొంతులు ఆగి వట్టి దరువు వచ్చే చోట జనం రెచ్చిపోతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని ఆ ముక్కనే సాగదీయడం అతని ప్రత్యేకత. హిప్‌హాప్ పుట్టినరోజుగా లోకం ఆ రోజునే చెప్పుకుంటోంది. పేరు మాత్రం అన్నకే దక్కిందనుకోండి!

ఇక చికాగో. 1977లో అక్కడొక పాత ఫ్యాక్టరీ కట్టడంలో వేర్‌హౌస్ అనే నాట్యశాల తెరిచి, న్యూయార్కు నుంచి ఫ్రాంకీ నకల్స్ అనే ఇరవైరెండేళ్ల కుర్రాణ్ణి పిలిపించారు. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువమంది నల్లజాతివాళ్లు, లాటిన్ అమెరికా కుటుంబాలవాళ్లు. వారిలో స్వలింగ ప్రేమికులు మరీ ఎక్కువ. బయట లోకంలో వారికి ఏ పంక్తిలోనూ చోటు లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. ఫ్రాంకీ వాళ్లవాడు. తెల్లవార్లూ వడ్డించాడు. హౌస్ అనే సంగీతానికి ఆ పేరు వేర్‌హౌస్ నుంచే వచ్చిందంటారు.

అదే ఊళ్లో 1979 జూలై 12న మరో రకం ఉత్సవం జరిగింది. స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాతకు డిస్కో సంగీతమంటే పడదు. బేస్‌బాల్ ఆట జరిగే కొమిస్కీ పార్కుకి డిస్కో రికార్డు ఒకటి తెచ్చినవాళ్లకు టిక్కెట్టు 98 సెంట్లే అన్నారు. జనం దాదాపు 50,000. రెండు ఆటల మధ్య రికార్డులన్నీ గుట్ట పోసి మందుగుండుతో పేల్చేశారు. జనం మైదానంలోకి విరుచుకుపడితే రెండో ఆట రద్దయింది. తమాషాకి చేశామన్నారు చేసినవాళ్లు. ఆ రోజు అక్కడ ప్రేక్షకులకు సీట్లు చూపించే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్ల కుర్రాడికి మాత్రం అది తమాషాగా కనబడలేదు. జనం తెచ్చిన వాటిలో డిస్కోయే కాని, నల్లవాళ్లు పాడిన మామూలు రికార్డులు బోలెడున్నాయని అతను తర్వాత చెప్పాడు. ఆ కుర్రాడు సింథసైజరు కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టుకుంటున్నాడు. 1984లో వచ్చిన తొలి హౌస్ రికార్డుల్లో ఒకటైన 'ఆన్ అండ్ ఆన్' రచనలో అతనికి భాగముంది. పేల్చేసిన గుట్టలోంచే మొలక లేచిందన్నమాట.

యంత్రాల కథ కూడా ఇలాంటిదే. ఒంటరిగా సాధన చేసుకునే గిటారు విద్వాంసులకు తోడుగా ఉంటుందని రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న పెట్టె చేసింది. దాని గొంతు గిటారులా లేదని ఎవరూ కొనలేదు. 1984లో తయారీ ఆపేశారు. పాత సామాన్ల అంగళ్లలో చవగ్గా దొరికిన ఆ పెట్టెను చికాగో కుర్రాళ్లు తెచ్చి, ఇష్టం వచ్చినట్టు మీటలు తిప్పితే అది జిలజిల పాకినట్టు, నీళ్లు బుడబుడలాడినట్టు పలికింది. ఫ్యూచర్ అనే ముగ్గురి బృందం 1987లో దాంతోనే 'యాసిడ్ ట్రాక్స్' చేసింది. ప్రపంచం దాన్ని కొత్త సంగీతమంది.

కాని అంతకు ఐదేళ్ల ముందే, 1982లో, మన బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ ఆ పని చేశాడు. హిందీ సినిమా వాద్యబృందాల్లో గిటారు వాయించిన మనిషి. అదే టీబీ-303, దాంతోపాటు దరువు యంత్రం, సింథసైజరు పెట్టుకుని పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు తెచ్చాడు. అందులో భూపాలి ఉంది, మన మోహనం. మాల్‌కౌంస్ ఉంది, మన హిందోళం. యమన్ ఉంది, మన కల్యాణి. వింటే ఆశ్చర్యం వేస్తుంది. మారని శ్రుతి మీద మెల్లగా విప్పుకునే రాగానికీ, మారని దరువు మీద మెల్లగా రంగు మార్చే ఆ యంత్రానికీ ఎంత చుట్టరికమో! రికార్డు అమ్ముడుపోలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదు కదా. 2010లో యూరపులో మళ్లీ అచ్చయ్యాక అక్కడివాళ్లు పిలిచి వేదికలెక్కించారు. 2015లో కన్నుమూసేలోపు ఆ మర్యాదయినా చూసుకున్నాడు.

తర్వాతి కథ గబగబా చెప్పుకోవచ్చు. 1988 నాటికి ఈ దరువు ఇంగ్లండు చేరి, ఖాళీ గిడ్డంగులూ పచ్చిక బయళ్లూ ఆక్రమించింది. దాంతోపాటు మత్తుబిళ్లలూ వచ్చాయి, మరణాలూ వచ్చాయి. 1994లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టంలో, పోలీసులు చెదరగొట్టదగిన సంగీతమేదో వివరిస్తూ, పదే పదే వచ్చే దరువుల వరసను కూడా చేర్చారు. మన ఏకాహ భజన వింటే వాళ్లేమనేవారో! బెర్లినులో గోడ కూలడానికి నాలుగు నెలల ముందు సుమారు 150 మందితో మొదలైన లవ్ పెరేడ్ ఊరేగింపు లక్షల మందికి పెరిగింది. చివరికి 2010లో డుయిస్‌బర్గ్ నగరంలో తొక్కిసలాటలో 21 మంది చనిపోవడంతో ఆగిపోయింది.

మూల చీకట్లో నిలబడి రికార్డులు వేసినవాడు ఇప్పుడు వేదిక నడుమ నిలబడ్డాడు. 2004లో ఏథెన్సు ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో టియెస్టో వాయిస్తుంటే దేశదేశాల క్రీడాకారులు నడిచారు. బాణసంచా, నిప్పులు, కొండంత తెరలు వచ్చాయి. అవన్నీ క్షణాల లెక్కన ముందే అమర్చిన చోట పాట మార్చే స్వేచ్ఛ ఎంతని? జనం ఆకు వంక చూసే తీరికేది? ఊపిరి సలపని ప్రయాణాలతో ఆరోగ్యం పాడై, అవీచీ అనే స్వీడన్ కుర్రాడు 2016లో ప్రదర్శనలు మానేశాడు. 2018లో చనిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు.

ఫ్రాంకీ నకల్స్ 2014లో పోయాడు. వేర్‌హౌస్ కట్టడాన్ని 2023లో చికాగో నగరం చారిత్రక చిహ్నంగా ప్రకటించింది. హైదరాబాదులో 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే పెట్టెలను పోలీసులు నిషేధించారు. రెండూ ఒకే పేరు పెట్టుకున్న విద్యకు జరిగిన మర్యాదలే! పక్కింటి ముసలాయన తరఫున ఆ నిషేధాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే ఆ బండి మీద, తీగెల చిక్కుల మధ్య, ముఖానికి చేతిరుమాలు కట్టుకుని కూర్చున్న కుర్రాణ్ణి చూసినప్పుడు మాత్రం అనిపిస్తుంది: నాయనా, ఆ చప్పుడు కాస్త తగ్గించి, తల ఎత్తి ఎదురుగా ఉన్నవాళ్ల మొహాలు చూడు. ఎవరి ఆకులో ఏం కావాలో నీకే తెలుస్తుంది.