ఎవరో ఒకరు నడవాలి

1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకు ఎక్కువగా బలైంది ముసలివాళ్లు కాదు, ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపు వాళ్లు. నూరేళ్ల తర్వాత కరోనా ఈ లెక్కను తిరగేసింది. వయసు పెరిగేకొద్దీ ప్రాణభయం పెరిగే జబ్బు ఇది. దాంతో ప్రభుత్వం వయసును బట్టి మనుషుల మధ్య గీత గీసింది. 1897 నాటి అంటువ్యాధుల చట్టంలో రైలు ప్రయాణికుల తనిఖీ ఉంది, జబ్బు ఉందన్న అనుమానం ఉన్నవాళ్లను వేరుగా ఉంచడం ఉంది, వయసు ఊసు మాత్రం లేదు. 2020 లాక్‌డౌన్ ఉత్తర్వుల్లోకి వస్తే 65 ఏళ్లు దాటినవాళ్లు ఇల్లు కదలకూడదన్న షరతు కనిపిస్తుంది. దాని పక్కనే ఒక మినహాయింపు: అత్యవసర పనులకు, ఆరోగ్య అవసరాలకు తప్ప. ఉత్తర్వు రాసినవాళ్లకు అది చిన్న మినహాయింపుగా తోచి ఉండొచ్చు. కానీ మన ఊళ్లలో డెబ్బై ఏళ్ల మనిషి గడప దాటేదే ఆ పనుల కోసం. ఒకటో తారీఖు పింఛను, రేషన్ బియ్యం, బీపీ షుగర్ మాత్రలు, ఆసుపత్రిలో ఓపీ చీటీ. వీటిని మినహాయిస్తే నిషేధించడానికి ఇక మిగిలేది గుడి, అరుగు, పెళ్లిపిలుపు. కాబట్టి మహమ్మారి కాలంలో ముసలివాళ్ల పనులు ఆగిపోలేదు. ఆ పనుల కోసం నడిచే మనిషి మాత్రం మారాడు. ఆ రెండేళ్ల చరిత్రను ఈ వైపు నుంచి చూస్తే ఏ ఏర్పాటు నిలిచిందో, ఏది పేరుకే మిగిలిందో తేలిగ్గా అర్థమవుతుంది.

అంతకు ముందు పరిస్థితి ఏమిటో చెప్పుకోవాలి. కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న, నెలకు 75 రూపాయలతో. తర్వాత రాష్ట్రాలు తమ వాటా కలుపుతూ పోయాయి. 2020 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 2,250 రూపాయలు, తెలంగాణలో 2,016 రూపాయలు అందేవి. డబ్బు పెరిగినకొద్దీ తనిఖీ కూడా పెరిగింది. చనిపోయినవాళ్ల పేర్ల మీద, ఊళ్లో లేనివాళ్ల పేర్ల మీద పింఛను ఎత్తేస్తున్నారన్న ఫిర్యాదులకు జవాబుగా స్మార్ట్ కార్డు వచ్చింది, దాని వెనకే వేలిముద్ర మిషను వచ్చింది, రేషన్ షాపులో ఈపాస్ యంత్రం వచ్చింది. బోగస్ పేర్లను ఏరేయాలన్న ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. కానీ ఈ పద్ధతి కోరిందల్లా ఒక్కటే: ముసలి మనిషి తన ఒంటితో సహా వచ్చి నిలబడాలి. నలభై ఏళ్లు నాట్లు వేసిన చేతులకు, బీడీలు చుట్టిన చేతులకు, బూడిదతో అంట్లు తోమిన చేతులకు వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషను ఎర్రలైటు చూపిస్తుంది. వేలు తుడుచుకోమంటారు, తడి చేసుకోమంటారు, బొటనవేలు కాకపోతే చూపుడువేలు పెట్టమంటారు. అప్పటికీ కాకపోతే రేపు రమ్మంటారు. ఏళ్ల తరబడి ఇంత కష్టపడి కట్టుకున్న ఈ ఏర్పాటుకు తాకితే అంటుకుంటుందని అందరూ భయపడిన జబ్బు ఎదురైంది. ముందుగా పక్కకు తప్పుకున్నది వేలిముద్రే. 2020 ఏప్రిల్ ఒకటిన ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్ర లేకుండా, ఇంటి దగ్గర ఫొటో తీసుకుని పింఛను ఇచ్చారు. అన్నాళ్లూ తప్పదన్న నియమం ఒక్క నెలలో పక్కకు పోయింది.

అది సాధ్యపడడానికి కారణం ముందుచూపు కంటే కాకతాళీయం అనాలి. ఆంధ్రప్రదేశ్‌లో యాభై ఇళ్లకు ఒకరు చొప్పున వాలంటీర్లు 2019 ఆగస్టు 15న పనిలోకి వచ్చారు. ఇంటికే పింఛను 2020 ఫిబ్రవరి ఒకటిన మొదలైంది. రెండు నెలలు తిరగకుండానే లాక్‌డౌన్. పేదల ఇళ్లకు ఇస్తామన్న వెయ్యి రూపాయలు కూడా వాలంటీర్ల చేతుల మీదుగానే వెళ్లాయి. తెలంగాణ అదే సమయంలో మనిషికి 12 కిలోల ఉచిత బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. సొమ్ము ఆంధ్రప్రదేశ్ కంటే ఎక్కువే, కానీ చాలామందికి అది బ్యాంకు ఖాతాలో పడింది. కేంద్రం మహిళల జన్‌ధన్ ఖాతాల్లో వేసిన 500 రూపాయలదీ అదే దారి. ఖాతా నంబరు చివరి అంకెను బట్టి ఏ రోజు ఎవరు రావాలో ప్రకటించారు. సున్నా, ఒకటి మొదటి రోజు, రెండు, మూడు మరుసటి రోజు అన్నట్టు. ఇంట్లో ఉండమని చెప్పిన నోటితోనే బ్యాంకుకు రమ్మన్నట్టయింది. బ్యాంకుల ముందు సున్నపు వలయాల్లో ఎండకు నిలబడ్డవాళ్లలో పెద్దవాళ్లు ఎందరో. పోస్ట్‌మ్యాన్ ఆధార్ యంత్రం పట్టుకుని గడప దగ్గరే డబ్బులిచ్చే ఏర్పాటు ఆ రోజుల్లో ఎంతో అక్కరకు వచ్చింది. అది కూడా ఒక మనిషి కాలినడకే.

వైద్యం సంగతికి వస్తే, మనిషి గడపకు రావడానికీ మనల్నే రమ్మనడానికీ ఉన్న తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఫోన్లో ఏ మందు రాయొచ్చో, ఏది వీడియోలో చూసి మాత్రమే రాయాలో, ఏది అసలు రాయకూడదో అందులో జాబితాలుగా విభజించారు. మర్నాడే మందుల షాపులు ఇంటికి మందులు చేర్చడానికి అనుమతి వచ్చింది. కాగితం మీద చక్కటి ఏర్పాటు. కానీ దాని షరతు చూడండి: దీర్ఘవ్యాధులకైతే డాక్టరు చీటీ రాసిన ముప్పై రోజుల్లోపు షాపుకు అందాలి. మన పెద్దవాళ్ల బీపీ మాత్రల చీటీ ఎన్నేళ్ల నాటిది? చాలా ఇళ్లలో చీటీయే ఉండదు. అయిపోయిన మాత్రల అట్ట ముక్క కొంగు చివర ముడి వేసుకుని షాపుకు వెళ్లి చూపించి, ఇవే పది ఇవ్వమంటారు. ఆ అట్టను ఈమెయిలులో పంపడం కుదరదు. పెద్దాసుపత్రులేమో కరోనాకే అంకితమయ్యాయి. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో మామూలు వైద్యం 2020లో నెలల తరబడి ఆగింది, 2021లో రెండో విడత కరోనాకు మళ్లీ ఆగింది. కీళ్ల నొప్పికి, కంటి శుక్లానికి, గుండె పరీక్షకు తేదీ తీసుకున్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయారు.

ఫోన్ వైద్యం పనిచేయలేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. పనిచేసింది, కొన్ని చోట్ల బాగా పనిచేసింది. ఎక్కడెక్కడ అన్నదే ప్రశ్న. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన 14410 నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, డాక్టరే తిరిగి ఫోన్ చేసేవాడు. మందులు మాత్రం పీహెచ్‌సీ నుంచి ఎవరో ఒకరు ఇంటికి మోసుకొచ్చి ఇవ్వాల్సిందే. కేంద్రం నడిపే ఫోన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో రెండు రకాలున్నాయి. ఒకటి 2020 ఏప్రిల్‌లో వచ్చింది. ఇంట్లో కూర్చుని మన ఫోన్‌లో మనమే పేరు నమోదు చేసుకుని, టోకెన్ తీసుకుని, వరుసలో ఎదురుచూడాలి. రెండోది 2019 నవంబరులోనే వచ్చింది, ఆంధ్రప్రదేశ్ దాన్ని అమలు చేసిన మొదటి రాష్ట్రం. ఇందులో ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సు రోగి పక్కన కూర్చుని బీపీ చూసి, షుగర్ చూసి, దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడి, అక్కడికక్కడే మందు చేతికిస్తుంది. మొదటిది స్మార్ట్‌ఫోన్ తెలిసిన మనవడున్న ఇంటికి పనికొచ్చింది. రెండోది ఎవరూ లేని ముసలామెకు కూడా పనికొస్తుంది. 2020 జూలై ఒకటిన విజయవాడలో 108, 104 వాహనాలు 1,088 ఒకేసారి రోడ్డెక్కాయి. వాటిలో 104 బండి ఊరికి వచ్చి బీపీ షుగర్ మాత్రలిచ్చి పోయేది. దానికి కావలసింది డ్రైవరు, డాక్టరు, మందుల పెట్టె. పాతకాలపు ఏర్పాటే గాని నిలిచింది.

టీకా చరిత్ర ఈ వాదనకు గట్టి సాక్ష్యం. 2021 మార్చి ఒకటి నుంచి అరవై దాటినవాళ్లకు టీకా అన్నారు. టీకా నమోదు చేసుకునే కోవిన్ పోర్టల్‌లో ఒక ఫోన్ నంబరు మీద నలుగురి దాకా నమోదు చేయొచ్చన్నారు. నేరుగా కేంద్రానికి వెళ్లే వీలు కూడా ఉన్నా, స్లాటు దొరకడం ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరి చేతిలో ఉందన్న దాని మీద ఆధారపడింది. కోవిషీల్డ్ రెండో డోసు గడువు మొదట నాలుగు నుంచి ఆరు వారాలు, మార్చిలో ఆరు నుంచి ఎనిమిదయింది, మే నెలలో పన్నెండు నుంచి పదహారయింది. చీటీ మీద రాసుకున్న తేదీకి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చిన పెద్దవాళ్లకు ఈ మార్పులు చెప్పిందెవరు? ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. మంచం మీద ఉన్నవాళ్లకు ఇంటికొచ్చి టీకా వేయాలని బొంబాయి హైకోర్టులో వ్యాజ్యం పడితే, కుదరదని కేంద్రం కారణాలు చెప్పింది. టీకా వేశాక అరగంట కనిపెట్టుకుని ఉండాలి, రియాక్షన్ వస్తే చికిత్స అందాలి, తెరిచిన సీసా వృథా కాకూడదు, చల్లదనం తప్పకూడదు. అన్నీ న్యాయమైన అభ్యంతరాలే. మే నెలాఖరున ఇంటికి దగ్గరలో కేంద్రాలు పెట్టమన్నారు. జూలై చివర ముంబయి నగరపాలక సంస్థ ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టింది. సెప్టెంబరులో కేంద్రమూ ఒప్పుకుంది, నవంబరులో ఇంటింటికీ తిరిగే కార్యక్రమమే ప్రకటించింది. మొదట్లో అసాధ్యమన్నది నవంబరుకు జాతీయ కార్యక్రమమైంది. ఈలోగా రెండో విడత వచ్చి వెళ్లిపోయింది.

ఇక్కడ రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. మొదటిది వాలంటీర్ల మీద. వాళ్లను అప్పటి అధికార పక్షం నియమించుకుంది, ప్రతి ఇంటి వివరమూ వాళ్ల దగ్గర ఉంది, చేతికి డబ్బు ఇచ్చేవాడి మాటకు ముసలివాళ్లు తల ఊపుతారు, కాబట్టి ఇది సేవ కాదు ఓట్ల వల అన్నారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే 2024 ఎన్నికల ముందు మార్చి 30న ఎన్నికల సంఘం వాళ్లను పింఛను పంపిణీ నుంచి తప్పించింది. ఏప్రిల్‌లో చాలామంది వృద్ధులు గ్రామ, వార్డు సచివాలయాలకు రావలసి వచ్చింది. ఎండకు కొందరు చనిపోయారని వార్తలొచ్చాయి, పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి. మే నెలలో డబ్బు ఎక్కువమందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. బ్యాంకు ఊరికి ఎంత దూరమన్నది అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. ప్రభుత్వం మారాక జూలై ఒకటిన పింఛను తిరిగి ఇంటికే వచ్చింది, ఈసారి సచివాలయ ఉద్యోగుల చేతుల మీదుగా. అంటే తగాదా నడిచే మనిషి ఎవరన్నదాని మీదే గాని, నడవడం అక్కర్లేదని ఏ పార్టీ అనలేకపోయింది. వాలంటీరుకు ఇచ్చింది నెలకు ఐదు వేలు. ఆ నడక అంత చవగ్గా దొరికింది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. అన్నీ గడపకే తెచ్చిస్తే ముసలివాళ్లను ఇంట్లో కట్టేసినట్టు కాదా? పింఛను రోజు పంచాయతీ ఆఫీసు దగ్గర నలుగురూ కలుస్తారు, ఎవరు బతికున్నారో ఎవరు మంచాన పడ్డారో తెలుస్తుంది, తన డబ్బు తాను లెక్కపెట్టుకుంటేనే ఇంట్లో మాట చెల్లుతుంది. ఇది నిజం. అందుకే ఇంటికి వచ్చే ఏర్పాటు కోరుకున్నవాళ్లకు ఉండాలి, అందరికీ తప్పనిసరి కాకూడదు. అయితే ఈ స్వేచ్ఛను అసలు తీసేసింది గడపకొచ్చే మనిషి కాదు, ఫోను. రిటైరైన ఉద్యోగి తాను బతికే ఉన్నానని నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం గడువును 2020లో పెంచుతూ పోయి 2021 ఫిబ్రవరి దాకా తెచ్చారు. తెలంగాణలో సెల్ఫీతో పని కానిచ్చే పద్ధతి 2019లోనే ఉంది, కేంద్రం 2021 నవంబరులో ముఖం గుర్తించే పద్ధతి తెచ్చింది. అరిగిన వేళ్ల బాధ తప్పింది, సంతోషమే. కానీ బ్యాంకుకు తానే బస్సెక్కి వెళ్లి సంతకం పెట్టిన రిటైర్డ్ టీచరు ఇప్పుడు ఫోన్‌లో ఆ పని చేయాలంటే కొడుకు ఆదివారం తీరిక కోసం చూడాలి. ఫోన్ ముందు కళ్లు ఆర్పమని చెప్పేవాడు పక్కన ఉండాలి కదా.

చివరికి ఏది మిగిలిందో, ఏది పోయిందో రేషన్‌తో మొదలుపెట్టి చూద్దాం. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ 9,260 బండ్లతో రేషన్ పంపిణీ మొదలుపెట్టింది. బండి వీధి చివర ఆగితే జనం అక్కడికి వచ్చి వరుస కట్టారు. 2025 జూన్ ఒకటి నుంచి బండ్లు పోయి మళ్లీ షాపులొచ్చాయి. 65 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు మాత్రం డీలరే ఇంటికి తెచ్చివ్వాలన్నారు. మహమ్మారి నేర్పిన వాటిలో ఈ ఒక్కటైనా నియమంగా మిగిలింది. పోయినవాటిలో ఒకటి ఇంకా తిరిగి రాలేదు. పెద్దవాళ్లు అనవసరంగా ప్రయాణాలు పెట్టుకోకుండా చూడాలని 2020 మార్చి 20 నుంచి రైల్వే వయోవృద్ధుల రాయితీని ఆపేసింది. అరవై దాటిన మగవాళ్లకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 శాతం తగ్గింపు ఉండేది. కాన్సర్ వంటి కొన్ని జబ్బులవాళ్ల రాయితీ కొనసాగింది. మోకాళ్లు చూపించుకోవడానికో, కళ్ల పరీక్షకో రైలెక్కే పెద్దవాళ్లు అందులోకి రారు. 2021 నవంబరు నాటికి రైళ్లు మామూలుగా నడవడం మొదలైంది. పార్లమెంటరీ స్థాయీ సంఘం కనీసం స్లీపర్, థర్డ్ ఏసీల్లోనైనా ఇవ్వండని అడిగింది. ప్రయాణికులందరికీ ఇప్పటికే టికెట్టులో రాయితీ ఇస్తున్నామన్నదే రైల్వే జవాబు. ఐదేళ్లు దాటినా పెద్దవాళ్లు పూర్తి టికెట్టే కొంటున్నారు.